రసీదు లేకుండా ఇవ్వడం: వదులుకోవడంలో నా అనుభవం

దానానికి మన ధర్మశాస్త్రంలో ఒక నిర్వచనం ఉంది: స్వస్వత్వ నివృత్తి, ఆపైన పరస్వత్వాపాదనం. ముందు ఆ వస్తువు మీద నాకున్న హక్కు తెగాలి, తర్వాత అవతలి మనిషికి హక్కు రావాలి. పని రెండు భాగాలు, వరస కూడా అదే. మనం మామూలుగా చేసేది రెండో భాగం ఒక్కటే. వస్తువు చేతులు మారుతుంది, హక్కు మన దగ్గరే ఉండిపోతుంది. గుడికిచ్చిన ఫ్యాను రెక్కల మీద ఇంటిపేరుతో సహా రాయించుకునేది అందుకే. ట్యూబులైటు వెలుతురు కంటే దాని పట్టీ మీది దాత పేరే ముందు కనిపించే గుళ్లు మా చిత్తూరు వైపు ఎన్నో.

నేను రాస్తున్నది ఆ మొదటి భాగం గురించి. తిరుపతిలో కాపురం ఉంటూ ఇంటి సామానుతో మొదలుపెట్టి, నాలుక, ఫోను, పిల్లలు, చివరికి ఆస్తి కాగితాల దాకా ఈ హక్కు తెంచే పని చేస్తూ వచ్చాను. ఏ వరసలో చేస్తే సాగుతుంది, ఎక్కడ బెడిసికొడుతుంది, ఎందుకు బెడిసికొడుతుంది అన్నవే చెబుతాను. సన్యాసం పుచ్చుకోవాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు. ఇంట్లోనే ఉంటూ, కరెంటు బిల్లు కడుతూ, కొంచెం తేలిగ్గా బతుకుదామనుకునేవాళ్లకి.

పురాణ వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం అని పెద్దవాళ్లు మూడు చెబుతారు. హరికథ ముగిసేదాకా ఒకటి, పాడె మోసినవాళ్లు స్నానం చేసేదాకా ఒకటి, పురిటి నొప్పులు మరిచేదాకా ఒకటి. తిరుపతిలో నాలుగోది కూడా ఉంది. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, ‘ఇంకేం కావాలి స్వామీ’ అనుకుంటూ కొండ దిగినవాళ్లకి బస్టాండు దగ్గర ఆటోవాడు యాభై ఎక్కువ అడిగేదాకా అది ఉంటుంది. ఈ నాలుగూ అబద్ధమనను. ఆ ఊపులో పెద్ద పెద్ద నిర్ణయాలు తీసుకోవడమే ప్రమాదం. నగలన్నీ ఇచ్చేస్తాననీ, ఉద్యోగం మానేస్తాననీ, ఇకమీదట ఎవరినీ ఏమీ అనననీ ఆ పూట అనుకున్నది వారం తిరక్కుండానే నోరు చేదు చేస్తుంది, మళ్లీ ఆ దారికే పోబుద్ధి కాదు. పతంజలి యోగసూత్రాలు (1.12), గీత (6.35) రెండూ అభ్యాసాన్నీ వైరాగ్యాన్నీ జంటగానే చెప్పాయి. కాబట్టి ఊపు వచ్చినప్పుడు పెద్దది వదిలే బదులు, ఏ ఊపూ లేని ఒక మామూలు మంగళవారం నాడు చిన్నది వదలాలి.

ఎంత చిన్నదో తిరుమలే చూపిస్తుంది. కల్యాణకట్టలో తలనీలాలు ఇవ్వడానికి పైసా అక్కర్లేదు, టోకెను ఇస్తారు. నీళ్లతో తల తడిపి, నున్నగా గీసి, చివర గంధం రాసుకుని బయటికి రావడం కొద్ది నిమిషాల పని. ఆడవాళ్లు గుండు వద్దనుకుంటే మూడు కత్తెర్లు ఇస్తారు. రాలిన జుట్టు పక్కవాళ్ల జుట్టుతో కలిసిపోతుంది. పొడవును బట్టి వేరుచేసి దేవస్థానం వేలం వేస్తుంది. మనది ఏ మూటలో పోయిందో అడగడానికే లేదు. పైగా నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున జుట్టు దానంతటదే వస్తుంది. అంటే పోయేది నిజంగా ఏమీ లేదు, పోయేది అద్దంలో మనం చూసుకునే ఆ మొహం, అదీ కొన్నాళ్లకు. ఎల్‌కేజీ స్థాయి పాఠం. ఇది కూడా కష్టంగా ఉన్నవాళ్లు ఇంకా పెద్దవాటి జోలికి పోకుండా ఉండటం మంచిది.

దాని పై తరగతి ముడుపు. పసుపు గుడ్డలో నాణెమో నోటో పెట్టి, మొక్కు చెప్పుకుని, ముడివేసి దేవుడి గూట్లో పెడతారు. ఆ డబ్బు ఇంకా మన ఇంట్లోనే ఉంది. కానీ నెలాఖరున పాలవాడికి చిల్లర తక్కువైనా ఎవరూ ఆ ముడి విప్పరు. అవతలివాళ్లకి ఇంకా చేరలేదు, అయినా మనది కాకుండా పోయింది. మొదటి భాగం పూర్తయి, రెండోది మిగిలి ఉన్న స్థితి ఇది. నా పద్ధతి మొత్తం దీన్నుంచే తీసుకున్నాను.

ఆఖరి తరగతి హుండీ. శ్రీవారి కొప్పెరలో వేసినదానికి రసీదు ఉండదు. ఎంత వేశామో వెనకవాడికి తెలియదు. పడిన మరుక్షణం అది అందరిదాంట్లో కలిసిపోయి, హుండీ లెక్కించే పరకామణికి పోయి, నాణేలు, నోట్లు, విదేశీ కరెన్సీ, బంగారం, వెండి అని వేరవుతుంది. నిలువుదోపిడి మొక్కుకున్నవాళ్లు ఒంటి మీది నగలన్నీ అందులోనే వేస్తారు. వాచీలు, సెల్‌ఫోన్లు వేసేవాళ్లున్నారు. వాటినీ తర్వాత వేలం వేస్తారు. అన్నప్రసాదం ట్రస్టుకిచ్చి 80జీ రసీదు తీసుకోవడంలో తప్పేమీ లేదు. పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకి మినహాయింపు వస్తుంది, 2000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే అదీ రాదు. కాకపోతే అది మంచి ఖర్చు. వదలడం నేర్చుకోవాలంటే మాత్రం పేరు లేకుండా, కాగితం లేకుండా, వెనక్కి తిరిగి అడిగే దారి లేకుండా ఇచ్చేది కొంతైనా ఉండాలి.

అటక మీది సామాను

పని అటక నుంచి మొదలుపెట్టండి, దేవుడి గది నుంచి వద్దు. ఒక్కసారికి ఒక్క గూడు, ఒక్క గంట. మూడు కుప్పలు: ఉంచేవి, ఇచ్చేవి, తేలనివి. అంతకు మించి ఒక రోజులో చేస్తే చివర్లో విసుగుతో ఇవ్వకూడనివి ఇచ్చేస్తాం, మర్నాడు వాటికోసం ఏడుస్తాం.

వరస ముఖ్యం. ముందు జ్ఞాపకం ఏమీ అంటని డబల్ సామాను: ప్లాస్టిక్ డబ్బాలు, మూతలు పోయిన సీసాలు, ఒకటికి మూడున్న ఇడ్లీ రేకులు. తర్వాత మన సొంత బట్టలు. తర్వాత ఇతరులిచ్చినవి. ఆ తర్వాత పోయినవాళ్లవి. ఫొటోలు, ఉత్తరాలు బాగా చివర. దేవుడి పటాలు అన్నిటికన్నా చివర. ఈ వరస తలకిందులైతే మొదటి గంటలోనే పాత ఆల్బం తెరుచుకుంటుంది, ఇక ఆ రోజు పని అయిపోయినట్టే.

అన్నిటికంటే ఎక్కువసేపు పట్టేది పేర్లు కొట్టించిన స్టీలు సామాను. ఒక గిన్నె చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: ‘గృహప్రవేశ సందర్భంగా’ అని మొదలై, తేదీ, ఇచ్చినవాళ్ల ఊరు, ఇంటిపేరు. చోటు చాలక ఆఖరి అక్షరాలు చిన్నవై అంచు మీదికి ఎక్కి ఉంటాయి. చుక్కల్లో పేరుకున్న చింతపండు మరక నల్లగా మారి, తోమినా పోదు. ఇలాంటివి ఇరవై ఉన్న ఇంట్లో ఇరవై మంది చుట్టాలు అటకెక్కి కూర్చున్నట్టే. ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా వచ్చి అడుగుతారేమోనన్న భయమే వాటిని కదలనివ్వదు. నిజానికి ఎవరూ అడగరు, వాళ్లింట్లోనూ మన పేరున్న గిన్నె అటక మీదే ఉంటుంది. పేరు గీకించే ప్రయత్నం వద్దు, గీతలు మిగులుతాయి. అన్నదానం చేసే మఠానికో, హాస్టలుకో ఇస్తే వాళ్లకి పేరు పట్టింపు లేదు. పాత సామాన్ల బండికి వేసేటట్టయితే ఇత్తడి, రాగి, కంచు విడిగా తూయించండి. ఇనుముతో కలిపి వేస్తే నష్టం. బేరం ఎంతైనా ఆడండి, కానీ కాటా ఎక్కకముందే. సామాను దిగి, డబ్బు చేతికొచ్చాక ‘ఇంకో పది రావాల్సింది’ అన్న మాట ఇంట్లో ఎత్తకూడదు. ఆ మాట ఎత్తినంతకాలం ఆ ఇత్తడి బిందె ఇంకా మీ ఇంట్లోనే ఉంది.

పట్టుచీరల సంగతి. దాచుకున్న పట్టుచీర మడతల దగ్గరే చిరుగుతుంది. మడత మార్చకుండా బీరువాలో పదేళ్లు పెట్టి తీస్తే గీతలు గీతలుగా విడిపోతుంది. కట్టుకోనిది ఉంచితే అది మనకీ ఉండదు, ఇంకొకరికీ పనికిరాదు. జరీ కోసం పాతవి కొనేవాళ్లు వీధుల్లో తిరుగుతుంటారు. వాళ్లకు అమ్మేముందు కొంగు చివర ఒక పోగు లాగి కాల్చి చూడండి: అసలు జరీ అయితే పట్టు దారం వెంట్రుక కాలిన వాసనతో నుసైపోయి, వెండి తీగ మిగులుతుంది. ప్లాస్టిక్ జరీ కరిగి ముద్ద కడుతుంది. చీరగానే ఇంకొకరికి ఇచ్చేటట్టయితే ఉతికించి, ఫాల్ ఊడితే కుట్టించి, జాకెట్టు గుడ్డతో సహా ఇవ్వండి. చిరిగింది ఇచ్చి దానం అనుకోవడం మన చెత్త మోయించడానికి ఇంకో మనిషిని పెట్టుకోవడమే.

కుప్పలు కట్టేముందు ఒక జాగ్రత్త. చీర మడతల్లో నోట్లు, బియ్యం డబ్బాలో గాజులు, పంచాంగం మధ్యలో బాండ్లు దాచే అలవాటు మన అవ్వలది. ప్రతి మడతా విప్పండి, ప్రతి డబ్బా బోర్లించండి. 2016 నవంబరు 8న రద్దయిన పాత ఐదొందలు, వెయ్యి నోట్లు ఇప్పటికీ ఇలా బయటపడుతుంటాయి. జ్ఞాపకానికి పది దాకా ఉంచుకోవచ్చు. అంతకు మించి దగ్గర పెట్టుకోవడం 2017లో చేసిన చట్టం ప్రకారం నేరం. చెల్లదని తెలిసీ ఆ నోట్లను చించలేక మళ్లీ మడిచి లోపల పెట్టేవాళ్లను చూస్తే, మమకారానికి విలువతో పనిలేదని అర్థమవుతుంది.

ఇచ్చేవన్నీ గోనెసంచిలో వేసి ముడి వెయ్యాలి. ఆ క్షణం నుంచి అది ముడుపు. ఎవరికివ్వాలో తేలకపోయినా, ఇంకా గుమ్మంలోనే ఉన్నా, విప్పకూడదు. ‘ఆ చిన్న గరిటె ఒక్కటీ తీసుకుంటాను’ అని విప్పితే గరిటెతో ఆగదు. తేలని కుప్పకి ఇంకో సంచి, దాని మీద తేదీ మాత్రం రాయాలి. లోపల ఏమున్నాయో జాబితా రాయకూడదు. ఆరు నెలల తర్వాత లోపలేముందో గుర్తు రాకపోతే విప్పకుండానే ఇచ్చేయండి. జాబితా రాస్తే అది చదివి మళ్లీ అన్నీ కావాలనిపిస్తాయి.

ఇచ్చాక ఇక అసలు పరీక్ష. పనిమనిషికి చీర ఇచ్చి, దీపావళికి ఆమె అది కట్టుకు రాకపోతే మనసు గుచ్చుకుంటుంది. ‘ఏమ్మా, ఆ నెమలికంఠం రంగుది కట్టుకోనే లేదే?’ అని నోరు జారుతుంది. ‘అది మా కోడలికి ఇచ్చేస్తినిమ్మా’ అని ఆమె అన్నప్పుడు చురుక్కుమంటే హక్కు తెగలేదని లెక్క. నిజంగా పరస్వత్వం కలిగిందనడానికి ఆమె దాన్ని ఇంకొకరికి ఇవ్వడమే రుజువు. అందుకే నా నియమం మూడు ముక్కలు: ఫొటో తియ్యను, వాడుతున్నారా అని అడగను, వీలైనంతవరకు రోజూ కళ్లబడేవాళ్లకి ఇవ్వను. మూడోది మొదటి రోజుల్లో బాగా పనిచేస్తుంది. చుట్టాలకిచ్చేవి ఆఖరున పెట్టుకోండి, వాటికి దారాలు ఎక్కువ.

పోయినవాళ్ల వస్తువులకి మన పెద్దలు పెట్టిన గడువు మంచిది: సంవత్సరీకం అయ్యేదాకా తొందరపడొద్దు. పన్నెండో రోజు నాటికే గది ఖాళీ చేసినవాళ్లు, పదేళ్లయినా కళ్లజోడు కూడా కదపనివాళ్లు, ఇద్దరూ అదే ముడిని చెరో కొసన పట్టుకున్నవాళ్లే. ముందు బ్యాంకు, పెన్షన్, పొలం కాగితాలు వేరుచెయ్యండి. మిగిలిన మందులు ఎవరికీ ఇవ్వొద్దు. ఏడాది తర్వాత ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో వస్తువు ఎంచుకుని, మిగతావి సంచిలోకి. ఎంచుకున్న వస్తువును వాడాలి. నాయన చేతికర్రను గోడకు తగిలించడం కంటే అవసరమైన ఇంకో పెద్దాయన చేతికివ్వడం మేలు.

దేవుడి పటాల బాధ తిరుపతి ఇళ్లకి ప్రత్యేకం. ఏటేటా దేవస్థానం క్యాలెండర్లు, పెళ్లిళ్లలో వచ్చిన లామినేషన్ పటాలు, చుట్టాలు కొని వదిలిపోయినవి. రావిచెట్టు మొదట్లో ఆనించి వచ్చేస్తారు చాలామంది. వానకి తడిసి, కుక్కలు తొక్కి, అది వదలడం కూడా కాదు, పారెయ్యడం. వెనక మేకులు ఊడదీసి, అద్దం, చట్రం వేరు చేస్తే అవి ఫ్రేములు కట్టే అంగళ్లలో తీసుకుంటారు. కాగితం ఒక్కటే మిగులుతుంది. దాన్ని నమస్కరించి పెరట్లో, ఎవరూ తొక్కని చోట పూడ్చవచ్చు. స్వర్ణముఖిలో ఎక్కువ కాలం నీళ్లుండవు, ఇసుకలో వదిలి రావొద్దు. లామినేషన్ చేసినవి మట్టిలో కలవవు, వాటిని కొనడమే మానాలి.

నాలుక

కాశీకి పోయినవాళ్లు ఒక కాయ, ఒక పండు వదిలి వస్తారు. మా వైపు ఎక్కువమంది వదిలేది కాకరకాయ. పండ్లలో సీతాఫలమో, రేగుపండో. వేసవిలో బేనీషా మామిడి వదిలినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గంగ ఒడ్డున నిలబడి కూడా మనసు ఎంత లౌక్యంగా బేరం చేస్తుందో!

నేను చేసేది ఇట్లా. ఆ కాలంలో బాగా దొరికేది, ఇంట్లో అందరూ తినేది, నా చెయ్యి ముందు దేని మీదికి పోతుందో అది, ఆ ఒక్క సీజనుకి. కోసి పెట్టేది కూడా నేనే. టెంక పక్కన కండ మిగిలి ఉంటుంది చూడండి, కోసేవాళ్లు అలవాటుగా నోట్లో వేసుకునేది, అసలు పని ఆ ముక్క దగ్గర ఉంది. మొదటి కొద్ది రోజులు నోరూరుతుంది, ఆ తర్వాత వాసన వాసనగా మాత్రమే ఉంటుంది. బెడిసికొట్టేది ఎక్కడంటే, ఇంకొకరి ఇంటికి పోయి ‘నేను తినను’ అని ప్రకటించినప్పుడు. పాపం ఆ ఇల్లాలు మళ్లీ పొయ్యి వెలిగించి ఇంకేదో చెయ్యాలి. మన వైరాగ్యం ఆమె నడుం నొప్పి. అందుకే మా ఇంట్లో వద్దు, ఇతరుల ఇంట్లో ఆకులో పడింది తినేస్తాను.

కాఫీకి ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ శరీరం కూడా ఉంది. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, రెండో రోజు ఎక్కువగా ఉంటుంది, కొందరికి వారం పైగా సాగుతుంది. చిరాకు, మగత కూడా తోడవుతాయి. ఏకాదశి నాడు ఉపవాసంతో పాటు కాఫీ కూడా మానేసి, సాయంత్రానికి ఇంట్లో అందరి మీదా అరిచేవాళ్ల ఉపవాసానికి ఫలం ఏ ఖాతాలో పడుతుందో తెలియదు. మూడు నాలుగు రోజులకోసారి డికాక్షన్ కొద్దికొద్దిగా తగ్గించి, రెండు మూడు వారాల్లో ఆపితే తలనొప్పి పెద్దగా ఉండదు. అప్పటికీ ఉదయం ఆరింటికి గ్లాసు కోసం చెయ్యి చాస్తుంది. ఆ చెయ్యి చాచడమే మమకారం, తలనొప్పి కాదు.

ఫోనులో కొనే జబ్బుకి గీత 2.62 సరిగ్గా సరిపోతుంది. విషయాన్ని పదేపదే తలుచుకుంటే సంగం, అంటే తగులుకోవడం, సంగం నుంచి కామం, కామం నుంచి క్రోధం. తర్వాతి శ్లోకంలో సమ్మోహం, స్మృతి తప్పడం, బుద్ధి నాశనం. చాలామంది కామం దగ్గర నిలబడి పోరాడతారు. అప్పటికే వస్తువు కార్టులో ఉంది, సగం ధర అని బొమ్మ వెలుగుతోంది, గెలవడం కష్టం. గొలుసును మొదటి కడియం దగ్గర తెంచాలి. కార్టు, ‘తర్వాత చూద్దాం’ అని దాచినవి, అన్నీ ఖాళీ చెయ్యండి. నోటిఫికేషన్లు ఆపండి. దాచిన కార్డు నంబరు తీసేయండి, ప్రతిసారీ పదహారు అంకెలు కొట్టాల్సి వస్తే సగం కోరికలు అక్కడే రాలిపోతాయి. ఇంకొకటి: అటకలో ఏ గూడు ఖాళీ అయిందో ఆ గూట్లోకి కనీసం ఒక నెల ఏదీ కొనకూడదు. ఖాళీ గూడు చూసి భయపడి స్టీలుకి బదులు గాజు డబ్బాలు తెచ్చుకునేవాళ్లు చాలామంది.

ఫలం

సామాను సులువు. మనుషులు, ఫలితాలు కష్టం. ఇక్కడ నాకు పనికొచ్చింది హోమంలోని ఒక చిన్న మాట. ప్రతి ఆహుతికీ యజమాని ‘అగ్నయే ఇదం న మమ’ అంటాడు: ఇది అగ్నిది, నాది కాదు. మీమాంసకుల లెక్కలో యాగానికి మూడు అంగాలు: ద్రవ్యం, దేవత, త్యాగం. నెయ్యి ఎంత పోసినా ఆ త్యాగం లేకపోతే యాగం కాలేదు. గమనించాల్సింది, మాట ఒక్కొక్క ఆహుతికీ విడిగా ఉంటుంది. హోమం మొత్తానికీ కలిపి చివర్లో ఒకేసారి అనరు.

దీన్ని ఇంటి పనికి ఇలా మార్చుకున్నాను. పిల్లవాడి ఈఏపీసెట్ అనుకోండి. ఫీజు కట్టడం, ఉదయం లేపడం, తిండి, హాల్‌టికెట్, పరీక్ష కేంద్రం దాకా దింపడం మన ఆహుతులు. ఒక్కొక్కటి అయిపోగానే మనసులో ‘న మమ’. గేటు లోపలికి పోయాక మనది ఏమీ మిగలకూడదు. బయటికి రాగానే ‘ఎన్ని రాశావు, ఎన్ని తప్పు’ అని కీ పట్టుకుని కూర్చుంటే పోసిన నెయ్యి తిరిగి అడిగినట్టు. చుట్టాలకి సలహా ఇవ్వడంలోనూ అంతే. చెప్పాల్సింది ఒకసారి స్పష్టంగా చెప్పడం, మళ్లీ అడిగితేనే రెండోసారి. వాట్సాప్‌లో పంపి నీలం టిక్కులు వచ్చాయా అని చూస్తూ కూర్చుంటే అది సలహా కాదు, అప్పు వసూలు. రోజూ పూజ చివర ఉద్ధరిణెడు నీళ్లు వదిలి ఈశ్వరార్పణం అనేవాళ్లం ఆ రోజు చేసిన ఒక పనిని పేరుపెట్టి ఆ నీళ్లతో వదిలితే మంచిది. ‘అంతా నీదే స్వామీ’ అని టోకున అంటే ఏదీ కదలదు.

‘నేను ఫలానా’ అన్నది కూడా వస్తువే. రిటైరై పదేళ్లయినా ఇంటి గేటు మీద పాత హోదా బోర్డు ఉంటుంది. మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్లకి తెలుసు: రోజుకో వేషం. నామాల సుద్ద పూసుకున్న బైరాగి, తర్వాత కుంకుమతో బండ, బొగ్గు పూసుకున్న తోటి, గంధంతో దొర. నిన్న తోటి వేషంలో ఉన్నవాడే ఇవాళ దొర, స్నానం చేస్తే రెండూ పోతాయి. మా ఊరి జాతరలో బైరాగి వేషమే మొదట రావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. పెద్ద హోదాలో పనిచేసినవాళ్లకి శ్రీవారి సేవ, అంటే కొండ మీద జీతం లేకుండా భక్తులకి చేసే సేవ, మంచి మందు. మెడలో కాషాయం స్కార్ఫు, చేతిలో కూరగాయల కత్తి. సంతకాలు పెట్టిన చెయ్యి గుమ్మడికాయ తరుగుతుంది, పక్కన ఉన్నామె ‘ముక్కలు పెద్దగా ఉన్నాయి సార్, చిన్నవి చెయ్యండి’ అంటుంది.

ఎక్కడ దారి తప్పుతుంది

గీత 18.7, 8 శ్లోకాల్లో రెండు చెడ్డ త్యాగాలున్నాయి. చెయ్యాల్సిన పనిని తెలివితక్కువతనంతో మానెయ్యడం తామసం, కష్టమని మానెయ్యడం రాజసం. ‘నాకు దేని మీదా ఆశ లేదు’ అంటూ అమ్మ మందుల చీటీ ఎక్కడుందో తెలియనివాళ్లు మొదటి రకం. పెళ్లాం వస్తువులను, మొగుడి పుస్తకాలను అడక్కుండా ఇచ్చేసేవాళ్లు ఏ రకమో గీతలో లేదు గానీ, అది దానం కాదు. హక్కు లేనిదాన్ని వదలడం కుదరదు. ఇంట్లో తగువులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే, కాబట్టి మీ గూడు వరకే.

ఇంకొకటి తేలిగ్గా తీసుకోవద్దు. ఎప్పుడూ లేనిది ఒక మనిషి తనకి ప్రాణమైన వస్తువులు హఠాత్తుగా పంచిపెడుతూ, తిండి, నిద్ర తగ్గి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే అది వైరాగ్యమని మురిసిపోకండి. వదులుకున్నవాళ్లు తేలికపడతారు, మనుషులకి దగ్గరవుతారు. ముడుచుకుపోతుంటే అది జబ్బు లక్షణం. పక్కన కూర్చుని మాట్లాడించండి, డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

కాగితాలు

వైరాగ్యం పేరుతో, ఉన్న ఇల్లు కాస్తా పిల్లల పేరున రాసిచ్చేసి వాకిట్లో కూర్చున్న పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఉండే ఇంటిని రాసివ్వొద్దు. తప్పనిసరైతే, చూసుకోవాలన్న షరతు దానపత్రంలోనే రాయించుకోండి. 2007 సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకునే దారి ఉంటుంది.

వీలునామా రాయడం నా దృష్టిలో ఈ సాధన మొత్తంలో చాలా మంచి అభ్యాసం. ఆస్తి ఇంకా మన చేతిలోనే ఉంది, పేర్లు మాత్రం ఇతరులవి, మళ్లీ ముడుపే. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తగాదాలు తగ్గుతాయి. మన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆస్తి రాబోయేవాళ్లని సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. బ్యాంకు నామినీ వేరు, వారసుడు వేరు. నామినీ డబ్బు తీసుకుని వారసులకి అప్పగించాల్సినవాడు మాత్రమే. 2025 నవంబరు 1 నుంచి ఒక్కో ఖాతాకి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. పాత ఖాతాల్లో నామినీగా పోయినవాళ్ల పేర్లే ఉండిపోతాయి, ఒకసారి అన్నీ చూసుకోండి.

కాగితం ఎక్కడుందో ఇద్దరికి చెప్పాలి, లోపలేముందో చెప్పనక్కర్లేదు. బతికున్నంతకాలం వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆఖరిదే చెల్లుతుంది. కొడుకు ఫోన్ చెయ్యని నెలలో బీరువా తెరిచి వాటాలు తిరగరాసేవాళ్లు అందుకే కనిపిస్తుంటారు. నేను ఏటా ఉగాది తర్వాత ఒకసారి, ఇంట్లో ఎవరి మీదా కోపం లేనప్పుడు తీసి చూస్తాను. ఎవరి మీదైనా కోపం ఉంటే ఆ ఏడాదికి కవరు విప్పను.